నడుము పట్టిన ఉస్తాదు, నెమ్మది సాము

మొన్న ఇద్దరు పిల్లలు మా ఇంటికి వచ్చారు. పిల్లలంటే పాతికేళ్ళు దాటినవాళ్ళే, నా కంటికి అలా కనిపిస్తారు. సిద్దిపేటలో మళ్ళీ తాలీం, అదే కసరత్తు శాల, పెడతారట. కుస్తీ అక్కరలేదట, కట్టెసాము కొంచెం చాలట, నేను చెప్పే నెమ్మది సాము మాత్రం కావాలట. వాళ్ళలో ఒకడు బాగా చదువుకున్నవాడు.

"తాతా, గిసొంటిదే చైనాల ఉన్నదట. తాయిచీ అంటరట. పానానికి మంచిదట, పోట్లాటకు గూడ పనికొస్తదట. మీరు గా చైనోళ్ళ దగ్గర్నే నేర్సుకున్నరా?"

"నేను కొండపాక దాటి నేర్సుకున్నది ఏం లేదు బిడ్డా."

"మరి మీ గురువెవరు?"

"రాయి" అన్నాను.

ముసలాయనకు మతి తప్పింది అనుకున్నట్టున్నారు. చాయ్ తాగి, దండం పెట్టి వెళ్ళిపోయారు. కానీ నేను అన్నది నిజం. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఆ నిజం తెలుసుకుని రావడం మంచిదని ఇది రాస్తున్నాను. నాకు ఎన్ని తలపాగాలు చుట్టారో, ఎన్ని దండలు వేశారో రాయను. తలపాగాలు చినిగిపోయాయి, దండలు మేక తిన్నది.

ఉస్తాదు చేసే పని

ఉస్తాదంటే మీసం తిప్పుతూ నిలబడేవాడు అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని చేరాను. చేరాక తెలిసింది, ఉస్తాదంటే ముందు మట్టి తవ్వేవాడు. తెల్లారగానే తాలీంలో ఎర్రమట్టి తవ్వాలి, రాళ్ళు ఏరాలి, నూనె, మజ్జిగ, పసుపు పోసి కలపాలి. తరవాత జారిన భుజాలు ఎక్కించాలి, బెణికిన చీలమండలు రుద్దాలి. ఆపైన తల్లుల మాటలు పడాలి. "ఏం నేర్పుతున్నవయ్యా మావోనికి? ఇంట్ల ఒక్క రొట్టె మిగుల్తలేదు!" అని వాకిట్లో నిలబడి అడిగేవాళ్ళు. కుస్తీ అన్నది వీటన్నిటి మధ్య దొరికిన కాసేపు.

నాకు నేర్పిన ఆయన ఖాసిం ఉస్తాదు. ఆయన కట్టె తిప్పితే గాలి ఈల వేసేది. అంత వేగం మళ్ళీ చూడలేదు. కానీ ఉన్నమాట చెప్పాలి. ఆయన గొప్ప పోటుగాడు, గురువుగా అంతంతమాత్రం. "ఇంకా జల్ది! ఇంకా జల్ది!" అనడం, పిక్కల మీద బెత్తంతో కొట్టడం, అదే ఆయన చదువు. యాభై ఏళ్ళు వచ్చేసరికి కింద కూర్చోలేకపోయేవాడు. చాయ్ నిలబడే తాగేవాడు. చెప్పులు విడవాలంటే గోడ పట్టుకునేవాడు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "మోకాళ్ళు ఏమైనయ్ ఉస్తాద్?"

"నీకు నేర్పిన గదరా. గాడనే పోయినయ్" అన్నాడు.

ఎనిమిదేళ్ళు రోజూ ఆ మోకాళ్ళను చూశాను. నా మోకాళ్ళూ అలాంటి ఎముకతోనే చేశారని ఒక్కరోజూ తోచలేదు. బుద్ధి లేకపోతే కళ్ళుండి ఏం లాభం?

శనివారం నియమం

ఖాసిం ఉస్తాదు తరవాత తాలీం పెద్దలు ఆ జాగ నాకిచ్చారు. పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులవి. దీపాలకు గాసనూనె దొరకదు, నూలు దొరకదు, బియ్యం సరేసరి. కానీ నా గర్వానికి మాత్రం కరువు రాలేదు.

మా తాలీం గుమ్మం పక్కన ఒక నల్లరాతి గుండు ఉండేది. ఉస్తాదు కాబోయేవాడు దాన్ని ఒక్కసారి భుజం మీదికి ఎత్తాలి. నేను ఎత్తాను, అయిపోయింది. ఒకరోజు రాయపోలు నుంచి నలుగురు పహిల్వాన్లు చూసి పోదామని వచ్చారు. అప్పుడే అన్నం తిని బయటికి వచ్చాను. వాళ్ళలో ఒకడు గుండును కాలితో తట్టి, "గిది నువ్వు లేపినవా? నిజంగనేనా అన్నా?" అన్నాడు.

అంతే. ఒళ్ళు వేడి చేసుకోలేదు, ఊపిరి సర్దుకోలేదు. వంగి పట్టాను. మోకాలి దాకా వచ్చింది, నడుము దాకా వచ్చింది. అక్కడ నా వెన్నులో 'టక్' మన్నది. ఆ చప్పుడు నాకొక్కడికే వినపడింది. గుండును మెల్లగా దించి, ముఖం మీద నవ్వు చెరగకుండా, "ఇయాల శనివారం. శనివారం భుజమెక్కియ్యద్దు, మా తాలీం నియమం" అన్నాను.

అలాంటి నియమం ఏదీ లేదు. ఆ నిమిషంలో పుట్టింది. ఆ తాలీంలో శనివారం నాడు గుండు ముట్టని వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నేను లోకానికి ఇచ్చిన జ్ఞానంలో అదొక భాగం.

ఇంటికి గోడలు పట్టుకుంటూ పోయాను. నొప్పి కంటే భయం ఎక్కువ. నడుము పోయిన ఉస్తాదును ఎవరు ఉంచుకుంటారు? జగదేవ్‌పూర్ పహిల్వాన్ ఒకడు మా జాగ కోసం పెద్దలను అప్పటికే రెండుసార్లు అడిగాడు.

అందుకని మర్నాడు పొద్దున తాలీంకు పోయాను. కట్టె పట్టుకున్నాను. గట్టిగా తిప్పితే ప్రాణం పోయేట్టుంది. నడుంలోతు నీళ్ళల్లో ఉన్నట్టు, ఒక్కో అడుగే తీసి ఒక్కో అడుగే వేస్తూ సాము చేశాను. మలుపు దగ్గర నొప్పి పొడిచినప్పుడు ఎడమచెయ్యి దానంతటదే నడుము మీదికి పోయింది. వంగినప్పుడు నోట్లోంచి 'హుఁ' అని వచ్చింది.

శాగిర్దులు నోరు తెరిచి చూస్తున్నారు. గానుగ ఆడించే యాదగిరి నా శిష్యులందరిలోకీ పెద్దవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. "ఉస్తాద్, గిదేం సాము?" అన్నాడు.

"గిదే అసలు సాము. ఇన్నొద్దులు మీకు చెప్పలె. మీకు పాకం రాలె."

ఇంత పెద్ద అబద్ధం ఆడినా వాళ్ళు నమ్మారు. వరసగా నిలబడి నాతో పాటు నెమ్మదిగా కదిలారు. మలుపు దగ్గర పన్నెండు ఎడమచేతులు పన్నెండు నడుముల మీదికి పోయాయి. వంగినప్పుడు పన్నెండు నోళ్ళు 'హుఁ' అన్నాయి. నవ్వు ఆపుకోవడానికి నేను పడ్డ బాధ ముందు నడుము నొప్పి చిన్నదే.

నెమ్మదిలో దొంగతనం సాగదు

రెండు నెలలు అలాగే నడిచింది. ఆ రెండు నెలల్లో నాకు అర్థమైంది రాస్తాను. ఇది నేను కనిపెట్టింది కాదు, నొప్పి నేర్పింది.

వేగంగా తిరిగేవాడు అడుగడుగునా దొంగతనం చేస్తాడు. ఒక కాలు సరిగ్గా ఆనకపోతే ఎగిరి రెండోదాని మీద పడతాడు, ఊపు వాడిని లాక్కుపోతుంది. నెమ్మదిగా చేస్తే ఊపు ఉండదు. ఒంటికాలి మీద నాలుగు ఊపిర్లు నిలబడమంటే, వంద బస్కీలు తీసే యాదగిరి వణికిపోయాడు. నేనూ వణికాను. నడుము నొప్పి వల్ల అనుకున్నాను, కాదు. పన్నెండేళ్ళు సాము చేసినా నాకు నిలబడడం రాదు. అంతే.

ఊపిరి సంగతీ అంతే. అడుగు వేసేటప్పుడు ఊపిరి బిగబడితే నడుము పొడిచేది, వదిలితే పొడిచేది కాదు. మూడో నెలకు వంగి చెప్పులు వేసుకోగలిగాను. పొద్దున సాము చేసిన రోజు నిద్ర పట్టేది, చెయ్యని రోజు పట్టేది కాదు. ఇంతకు మించి దీని మహిమలు ఎవరైనా చెబితే నమ్మకండి. షుగరు పోతుంది, చూపు వస్తుంది అనేవాళ్ళు ఏదో అమ్ముకోవడానికి వచ్చినట్టు.

భూమయ్యను పాడుచేసిన కథ

నడుము కుదిరింది కదా, గర్వం మళ్ళీ వచ్చింది. ఆ గర్వంలో చేసిన తప్పు ఇది.

మా వెనక వాడలో భూమయ్య అని ఒక నేతగాడు ఉండేవాడు. ఆయన భార్య లచ్చవ్వ. నేను వాళ్ళను బావా, అక్కా అనేవాణ్ణి. భూమయ్యది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు వేసి కూర్చుని, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ, విచ్చుకున్న పడుగు పోగుల మధ్య నుంచి దారం చుట్టిన నాడె తోస్తూ నెయ్యాలి. ఇరవై ఏళ్ళు అలా కూర్చునేసరికి ఆయన కాళ్ళు తిమ్మిరెక్కి, గుంటలోంచి లేవబోయి పడిపోతున్నాడు. దవాఖానలో చూపిస్తే ఎముక విరగలేదన్నారు, నూనె ఇచ్చారు.

పడిపోవడం ఒక్కటే కాదు బాధ. నూలు కంట్రోలు కాలం. వచ్చిన కాస్త నూలును వాడ పెద్దలు నడిచే మగ్గాలకే పంచేవారు. దసరా ముందు ఇల్లిల్లూ తిరిగి చూస్తారు. ఆ రోజు మగ్గం ఆగి ఉంటే ఆ ఇంటి నూలు ఇంకొకరికి పోతుంది. ఒకసారి పోతే మళ్ళీ రావడం కల్ల. కాళ్ళు లేనివాణ్ణి బొంబాయి పక్కన భివండీ మగ్గాల మీదా ఎవరూ పనిలో పెట్టుకోరు. అందుకని భూమయ్య నా దగ్గరికి వచ్చాడు.

నేను ఏం చేయాలి? నాకు బాగైన దారే ఆయనకు చూపాలి. కానీ ఆ దారి చూపితే, అది నొప్పికి పనిచేస్తుందని నీకెట్ల తెలుసని అడుగుతాడు. అదీ భయం. పైగా శిష్యులు చూస్తున్నారు. "ఏం లేదు బావా, బలం లేదు గంతే" అని యాభై బస్కీలు తీయించాను. బోర్లా పడుకోబెట్టి నడుము మీద కాలు పెట్టి తొక్కాను. పోయేటప్పుడు భూమయ్య మొహం మట్టిరంగులో ఉంది. "మంచిగైతది" అన్నాను.

నాలుగో రోజు లచ్చవ్వ వచ్చింది. తాలీం మట్టిలో ఆడవాళ్ళు కాలు పెట్టరు. ఆమె తిన్నగా నడిమధ్యకు వచ్చి నిలబడింది.

"నీ తాలీంల మన్ను వడ! మా ఆయన మంచం దిగక నాలుగొద్దులాయె. నడిపిస్తనంటివి గదా, రా, ఇప్పుడు నడిపియ్యి!"

"అక్కా, బయటికి పోయి మాట్లాడుదం..."

"ఎందుకు? గీళ్ళ ముంగట ఇజ్జత్ పోతదా?"

చెయ్యి పట్టుకున్నంత పని చేసి బయటికి తీసుకొచ్చాను. అప్పుడామె గొంతు తగ్గించింది. "తమ్మీ, నువ్వు నడుము మీద చెయ్యేసి నడిచినప్పుడే నేను చూసిన. పదేండ్ల సంది మా ఇంట్ల గదే నడక. నాకు తెల్వదా? నీ నడుముకు ఏం జేసుకున్నవో గదే ఆయనకు జెయ్యి. నేను ఎవ్వలకు చెప్ప."

ఊరందరినీ నమ్మించిన అబద్ధం ఆమె ముందు ఒక్కరోజు కూడా నిలవలేదన్నమాట. మర్నాటి నుంచి పొద్దున్నే వాళ్ళింటికి పోయాను. పది రోజులు పడుకునే ఊపిరి తీయించాను. తరవాత మగ్గం గుంజ పట్టుకుని నిలబెట్టాను. ఒక కాలి మీది బరువు రెండో కాలి మీదికి నీళ్ళు పోసినట్టు పొయ్యమన్నాను. ఎన్నిసార్లు చెప్పినా బిగుసుకుని రెండు కాళ్ళూ నొక్కి పట్టేవాడు. నేను విసుక్కున్నాను.

"బావా, మగ్గం మీద గిట్లనే తొక్కుతవా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "తొక్కుతె అయిపాయె ఉస్తాద్! ఒకటి దిగితె ఒకటి లేవాలె. రెండూ నొక్కితె పడుగు నోరు తెరువది, నాడె పోయి పోగులను తెంపుతది."

"మరి గట్లనే నిలవడు."

ఆ మాటతో ఆయన కాళ్ళు విడివడ్డాయి. నిండిన కాలు, ఖాళీ కాలు. ఒకటి దిగుతుంటే రెండోది తేలిక. ఆ తరవాత ముప్పై ఏళ్ళు నేను నేర్పిన నెమ్మది సాములో ఇదే మొదటి పాఠం, ఇదే ఆఖరిది కూడా. నా పేరు మీద చలామణీ అయింది గానీ, చెప్పినవాడు భూమయ్య. ఇప్పటికైనా ఒప్పుకోవాలి.

వాడ పెద్దలు వచ్చిన రోజు

పెద్దలు వస్తున్నారని తెలిసి నేను ఐదుగురు శిష్యులకు తలపాగాలు చుట్టించి వెంట తీసుకుపోయాను. దర్జాగా ఉంటుందని.

భూమయ్య గుంటలో దిగాడు. నాడె ఇటు అటు పోయింది. జానెడు నేశాడు. గట్టు మీద చేతులు ఆనించకుండా ఒక కాలు పైన వేసి, బరువు దాని మీదికి తెచ్చుకుని, మెల్లగా లేచి నిలబడ్డాడు. ఒక్కసారి ఊగాడు. నిలదొక్కుకున్నాడు.

పెద్దమనిషి రామచంద్రం గడ్డం గోక్కున్నాడు. "ఇయాలంటే లేచిండు. మళ్ళ రేపు పడ్డడనుకో, నూలు ఆగమైతది. కాళ్ళు పోయినోనికి మళ్ళ వస్తయంటె ఎట్ల నమ్మాలె?"

"నేను పూచీ" అన్నాను ఛాతీ విరిచి.

"నువ్వు పహిల్వాన్‌వి మల్లయ్యా. నీకు నొప్పంటె ఏం ఎరుక? నీ మాట ఏం పనికొస్తది?"

నేను లచ్చవ్వ వైపు చూశాను. ఆమె చెప్పొచ్చు. నూలు పోతే పోయేది ఆమె ఇంటిదే. కానీ నాకు మాటిచ్చింది. పెదవులు బిగించి, కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూస్తూ నిలబడింది. ఆ మౌనం చూశాక నాకు సిగ్గేసింది. నా జాగ పోతుందని ఆమె నోరు మూసుకుంటే, ఆమె మగ్గం పోతున్నా నేను నోరు మూసుకోవాలా?

"నాకు ఎరుకే" అన్నాను. "నా నడుము గూడ పోయింది. గుండు లేపుతుంటే పోయింది. రెండు నెలలు వంగలేకపోయిన. గా నెమ్మది సాము ఏ గురువు చెప్పింది గాదు. జల్ది చెయ్యరాక చేసిన. గదే బాగుజేసింది. బావకు గదే చెప్పిన. అంతకుముందు బస్కీలు తీపిచ్చి ఆయనను పాడుజేసింది గూడ నేనే."

గుమ్మంలో ఐదు తలపాగాలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

రామచంద్రం నా వైపు తిరిగాడు. "గిది ముందుగాల చెప్పరాదా?" అన్నాడు. కాగితం తెప్పించి ఏదో రాయించి, నా బొటనవేలు పట్టి ముద్ర వేయించి, దాన్ని లచ్చవ్వ చేతికిచ్చాడు. భూమయ్య నూలు నిలిచింది.

పోట్లాటకు పనికొస్తుందా

మర్నాడు తాలీంకు నలుగురు రాలేదు. యాదగిరి ఆలస్యంగా వచ్చి మూలన నిలబడ్డాడు.

"నువ్వెందుకు వచ్చినవ్ రా?" అన్నాను.

"నాకు ముందే అనుమానం ఉస్తాద్. ఒక శనివారం ఎవ్వలు లేంది చూసి గుండు లేపిన. ఏం గాలె."

తాలీం పెద్దలు జగదేవ్‌పూర్ పహిల్వాన్‌ను కుస్తీకి తెచ్చారు. నాకు పొద్దున పూట ఒక మూల ఇచ్చారు. మనసు చివుక్కుమంది, దాచను. కొత్త ఉస్తాదు మంచివాడే. ఒకరోజు యాదగిరిని "ఏదీ, నీ నిలబడుడు చూద్దం" అని రెండు చేతులతో నెట్టాడు. కదల్లేదు. ఇంకా గట్టిగా నెట్టాడు. యాదగిరి కొంచెం కాలు ఖాళీ చేసి పక్కకు తిరిగేసరికి ఆయనే మట్టిలో పడ్డాడు. నేను ఉబ్బిపోయాను. అదే సాయంత్రం కట్టెలు పట్టుకున్నారు. ఆయన యాదగిరి నెత్తి మీద మూడు దెబ్బలు వేశాడు, మావాడు ఒక్కటీ ఆపలేకపోయాడు.

కాబట్టి ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నా మాట ఇది. నెమ్మదిగా చేస్తే ఎదుటివాడి బరువు ఎటు పోతోందో చేతికి తెలుస్తుంది, పడకుండా ఉంటారు, పడినా ఎముక విరక్కుండా పడతారు. నిజంగా కొట్లాడాలంటే వేగం కూడా విడిగా నేర్వాలి. రెండూ రాకుండా ఒకటి పట్టుకుని గొప్పలు పోతే నెత్తి పగులుతుంది. కాళ్ళకు తిమ్మిరంటూ వచ్చినవాణ్ణి ముందు దవాఖానకు పంపండి. శిష్యులు చూస్తున్నారని ఎవరి నడుమూ తొక్కకండి.

కాగితం

ఆ మూలకు మెల్లగా నేతగాళ్ళు రావడం మొదలుపెట్టారు. తరవాత వడ్లు దంచే ఆడవాళ్ళు తమ వాకిళ్ళలో నేర్పమన్నారు. నా ఉద్యోగం అలా సాగింది. యాభై అయిదో ఏట నా మనవరాలి పలక పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాను. అంతదాకా నాకు ఒక్క అక్షరమూ రాదు. సంతలో బోర్డుల నుంచి అగ్గిపెట్టె దాకా కనబడినదల్లా చదువుతూ తిరిగాను. అప్పుడే ఆ కాగితం గుర్తొచ్చింది. ఏం రాసి ఉందో తెలియకుండానే వేలు వేశాను కదా.

లచ్చవ్వ దగ్గరికి పోయాను. లోపల మగ్గం చప్పుడు వినిపిస్తోంది. భూమయ్య ఇంకా నేస్తూనే ఉన్నాడు. ఆమె సందుగలోంచి కాగితం తీసి ఇచ్చింది. మడతల దగ్గర పొడిపొడి అవుతోంది. వాకిట్లో కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను.

"తాలీము చెప్పు మల్లయ్యకు నడుము పోయినది. మరల వచ్చినది. భూమయ్యకు తాను చేసిన తప్పు తానే చెప్పినాడు. కావున ఇతని మాట నమ్మి నూలు నిలుపడమైనది."

కింద నా వేలిముద్ర. రెండోసారి చదివాను. నా గురించి కాగితం మీద ఉన్నది ప్రపంచంలో అదొక్కటే. కళ్ళజోడు తుడుచుకోవలసి వచ్చింది.

"చదువొచ్చిందా తమ్మీ?" అంది లచ్చవ్వ.

"వచ్చింది."

"ఏం రాసున్నది మరి?"

"నా నడుము పోయిందని రాసున్నది అక్కా."

"గింతేనా? గిది తెల్సుకునేటందుకు గీ వయసుల బడికి వోయినవా? మా వాడల మేకను అడిగినా చెప్పుతుండె!"